ఘడీసాజ్‌లు కన్న చేపల చర్ఖీ

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 19వ శతాబ్దంలో తయారైన చేపల రీళ్లను గుర్తుపట్టడానికి పాత సామాన్ల షౌకీన్లు ముందుగా పేచులు చూస్తారు. పేచు మీద ఒక నంబరు, అది దిగే బెజ్జం దగ్గర అదే నంబరు. ఆ రోజుల్లో పేచులకు మర చేత్తోనే కోసేవాళ్లు. ఒకదాని మర ఇంకొకదానికి సరిగ్గా కుదరదు. మూడో పేచును అయిదో బెజ్జంలో దించితే రెండూ పాడవుతాయి. అందుకని నంబర్లు. అమ్మేశాక ఈ సామానుతో నాకేం పని అనుకునే మనిషి ఇంత కష్టపడడు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దీన్ని విప్పుతారు, తుడుస్తారు, మళ్లీ బిగిస్తారు అని తెలిసినవాడు చేసే పని ఇది.

ఆ పనివాళ్లు ఎవరని వెతికితే గడియారాలు బాగుచేసే వాళ్లని తేలింది. మన భాషలో ఘడీసాజ్‌లు. నేను ఈ తారీఖ్ వెంట పడడానికి కారణం అదే. మా అమ్మీ వైపు ఒక ఘడీసాజ్ ఉండేవారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

చర్ఖీ అంటే ఏమిటో తెలియని వాళ్లకు రెండు ముక్కలు. మన చెరువుల దగ్గర గాలం అంటే ఒక వెదురు కర్ర, తంగూసు దారం, నెమలి ఈక బెండు, కొక్కెం, వానపాము. అంతే. దారం కర్ర కొసకే కట్టి ఉంటుంది కాబట్టి కర్ర పొడవుకు మించి అందదు. పెద్ద చేప పడితే దానికి దారం వదిలే వీలు లేదు. కర్ర మొదట్లో ఒక గిలక బిగించి, దానికి దారం చుట్టి, తిప్పడానికి ఒక పిడి పెడితే ఈ రెండు ఇబ్బందులూ పోతాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని రీలు అన్నారు. మా ఇంట్లో మాత్రం పతంగుల చర్ఖీకీ దీనికీ ఒకటే మాట.

ఇది చాలా పాత ఆలోచన. చైనాలో సుంగ్ వంశం కాలపు చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో వేసిన బొమ్మలో ఒంటరిగా పడవలో కూర్చున్న మనిషి చేతి కర్రకు చిన్న చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండులో 1651లో థామస్ బార్కర్ అనే ఆయన తన గాలం పుస్తకంలో దారం చుట్టే చక్రం గురించి రాశాడు. ఈ బార్కర్ రాయబారుల వంటిళ్లలో పనిచేసిన బావర్చీ. పట్టిన చేపను ఎలా వండాలో కూడా అదే కితాబులో రాశాడు. నాకు తెలిసిన గాలం రచయితలందరిలో నాకు ఈయనే దగ్గరివాడు.

అయితే అవన్నీ ఉత్త గిలకలు. పిడి ఒకసారి తిప్పితే చక్రం ఒకసారే తిరుగుతుంది. 18వ శతాబ్దంలో లండన్ దుకాణాల్లో గరారీలు పెట్టిన రీళ్లు అమ్మకానికి వచ్చాయి. పిడి ఒకసారి తిప్పితే చక్రం చాలాసార్లు తిరిగేలా చేశారు. కానీ వాటి పళ్లు నాసిరకం. బలమైన చేప లాగితే అరిగేవి, విరిగేవి. ఇంగ్లీషు పెద్దమనుషులు విసుక్కుని మళ్లీ ఉత్త గిలకలకే మళ్లారు.

కథ మలుపు తిరిగింది కెంటకీలోని పారిస్ అనే చిన్న ఊళ్లో. జార్జ్ స్నైడర్ అక్కడ వెండి పని, గడియారాల పని చేసేవాడు. స్వయంగా గాలం షౌకీన్. అక్కడి నదుల్లో బాస్ అనే చేపకు బతికున్న చిన్న చేపను ఎరగా వేస్తారు. అంత తేలికైన ఎర దూరం వెళ్లాలంటే చక్రం నూనెలో తేలినట్టు తిరగాలి. 1820కి కాస్త అటూ ఇటూగా స్నైడర్ తన గడియారాల సరంజామాతోనే ఒక రీలు చేసుకున్నాడు. తర్వాత దోస్తులకు చేసిపెట్టాడు.

ఇక్కడ గడియారం లోపల ఏం జరుగుతుందో గుర్తు చేసుకోవాలి. కమానీ దాగిన పెద్ద చక్రం చాలా నెమ్మదిగా తిరుగుతుంది. దాని పళ్లు పక్కనున్న చిన్న గరారీని తోస్తాయి, అది త్వరగా తిరుగుతుంది. ఆ ఇరుసు మీది చక్రం ఇంకో చిన్నదాన్ని తోస్తుంది. అలా సెకన్ల ముల్లు దాకా వేగం పెరుగుతూ వెళ్తుంది. రీలులో కావలసిందీ ఇదే హిసాబు. పిడి వైపు పెద్ద చక్రం, దారం వైపు చిన్న గరారీ. పిడి ఒకసారి తిరిగితే దారం చక్రం నాలుగుసార్లు. లండన్ రీళ్లు చేసినవాళ్లకు లేనిదీ, ఘడీసాజ్‌కు ఉన్నదీ పళ్లు సమానంగా కోసే చెయ్యి.

స్నైడర్ బాటలో 1830ల్లో అదే రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లో మీక్ అన్నదమ్ములు, జొనాథన్, బెంజమిన్, రీళ్లు మొదలుపెట్టారు. వాళ్లదీ గడియారాలు, నగల దుకాణమే. వాళ్ల దగ్గర షాగిర్దుగా చేరిన బెంజమిన్ మైలమ్ కూడా తర్వాత పేరు తెచ్చుకున్నాడు. కొన్ని ఖరీదైన రీళ్లలో ఇరుసు కొనల దగ్గర, గడియారంలో మాదిరే, చిన్న చిన్న రత్నాల రాళ్లు పొదిగేవాళ్లు. ఉస్తాద్ నుంచి షాగిర్దుకు చేతులు మారిన హునర్ ఇది. మొదట నేను చెప్పిన నంబరు పేచులు వీళ్ల దుకాణాల్లోవే.

ఇదంతా ఒక్క కెంటకీ ముచ్చటే అయితే నేను ఇంత రాయను. దాదాపు వందేళ్ల తర్వాత, ఆ ఊరి పేరు కూడా వినని చోట్ల, మళ్లీ అదే జరిగింది. స్వీడన్‌లో స్వాంగ్‌స్టా అనే పల్లెలో 1921లో కార్ల్ బోర్గ్‌స్ట్రోమ్ ఒక కంపెనీ పెట్టాడు. దాని పేరుకు అర్థమే గడియారాల కార్ఖానా. జేబు గడియారాలతో మొదలై టాక్సీ మీటర్లకు వెళ్లారు. ఇంతలో 1939లో యుద్ధం వచ్చింది. పెట్రోలు లేదు, టాక్సీలు లేవు, మీటర్లు ఎవరికి కావాలి? పనివాళ్ల చేతులు, యంత్రాలు ఖాళీగా కూర్చున్నాయి. యజమాని కొడుకు యోట్ గాలం షౌకీన్. 1941లో అదే యంత్రాల మీద చేపల రీలు తయారైంది. ఆబు అని మనవాళ్లు కూడా పలికే పేరు ఆ గడియారాల కార్ఖానా పేరులోని అక్షరాలే. 1950ల్లో వాళ్ల ఎర్ర రంగు అంబాసడర్ రీలు తోలు పెట్టెలో వచ్చేది. పెట్టెలో రీలుతో పాటు నూనె, ఒక చిన్న పానా, కొన్ని విడి పుర్జాలు. కొన్నవాడు ఇంట్లోనే విప్పుతాడన్న నమ్మకం ఆ పెట్టెలోనే ఉంది.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల కింద క్లూజ్ అనే పట్నం. అక్కడి లోయలో 18వ శతాబ్దం నుంచీ రైతులు చలికాలంలో ఇళ్లలో కూర్చుని స్విట్జర్లాండ్ గడియారాలకు పుర్జాలు చేసేవాళ్లు. 1848లో అక్కడ గడియారాల మదర్సా కూడా పెట్టారు. ఆ పట్నంలో గడియారాల పుర్జాలు చేసే కార్పానో అండ్ పాన్స్ కంపెనీ 1930ల చివర్లో మిచెల్ అనే రీలు తెచ్చింది. యుద్ధం తర్వాత అది లక్షల సంఖ్యలో అమెరికాకు వెళ్లింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. టెక్సాస్‌లో ఆర్.డి. హల్ అనే ఘడీసాజ్. ఒక కిరాణా కొట్టులో పొట్లం కట్టేవాడు దారపు ఉండ నుంచి దారం లాగడం చూశాడు. ఉండ కదలదు, దారం మాత్రం కొస మీంచి జారుతుంది. దాన్ని మనసులో పెట్టుకుని 1947లో ఓక్లహోమాలోని టల్సాలో ఒక కంపెనీ తలుపు తట్టాడు. ఆ కంపెనీ చమురు బావుల్లో పేల్చే టైం బాంబులు చేసేది. 1949లో అక్కడ హల్ రీలు తయారైంది. కొన్నాళ్లకు బాంబులు మానేసి రీళ్లతోనే బతికారు. జెబ్కో అనేది ఆ బాంబుల కంపెనీ పేరు పొట్టి రూపం.

గడియారంతో సంబంధం లేని పెద్ద పేరు ఒకటుంది, దాచిపెట్టి లాభం లేదు. ఇవాళ మన బజార్లలో దొరికే మామూలు రీలు, దారం చక్రం కదలకుండా ఒక తీగ చుట్టూ తిరుగుతూ దారం చుట్టేది, 1905లో ఆల్‌ఫ్రెడ్ ఇలింగ్‌వర్త్ పేటెంటు. ఆయనది ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లు. మిల్లులో బాబిన్ కొస మీంచి నూలు జారడం చూసి పట్టుకున్నాడు. ఆలోచన నేతపనిదే, ఒప్పుకుంటాను. కానీ దాని లోపల పళ్లు కోసే పని చివరికి క్లూజ్ లాంటి ఊళ్ల ఘడీసాజ్‌ల చేతుల్లోకే వెళ్లింది.

మన ముల్క్‌కు రీలు సాహెబుల పెట్టెల్లో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో హిందుస్తాన్‌లో గాలం వేయడం మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఆ షికార్లలో మనవాళ్లు ఎర పట్టుకుని నిలబడేవాళ్లే. మన ఖాందాన్ల చేతికి రీలు చాలా ఆలస్యంగా, ఖలీజ్ సామాన్లలో వచ్చింది. జెద్దా, దమ్మామ్, దుబాయి వెళ్లినవాళ్లకు జుమా రోజు సెలవు. సముద్రం ఒడ్డున కూర్చోవడానికి పైసలు అక్కర్లేదు. వతన్ వచ్చేటప్పుడు దుప్పట్లు, అత్తరు, టేప్ రికార్డరుతో పాటు ఒక రీలు. ఇక్కడికొచ్చాక నిజాంసాగర్ కాలువ మీద, హిమాయత్‌సాగర్ గట్టు మీద దాని ముస్తాబు చూడడానికి జనం చేరేవాళ్లు.

మా మామూ, మర్హూమ్, ఒక చిన్న ఖస్బాలో మెయిన్ బజార్లో కూర్చునేవారు. గాజు అలమారాలో హెచ్.ఎం.టి. జనతాలు, గోడకు కీ ఇచ్చే గడియారాలు. 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. గడియారాలు మొదలయ్యాక అలాంటి దుకాణాలకు మంచి రోజులు వచ్చాయి. అంతలోనే 1969లో జపాన్‌లో క్వార్ట్జ్ చేతి గడియారం పుట్టింది. ఇరవై ఏళ్లలో ఆ వేడి మా ఖస్బా దాకా వచ్చింది. బ్యాటరీ మార్చడానికి ఘడీసాజ్ ఎందుకు? మామూ కంటికి అద్దం పెట్టుకునే రోజులు తగ్గిపోయాయి. పట్టీలు అమ్మారు, కళ్లజోళ్లు పెట్టారు. కొడుకులిద్దరూ వేరే పనులు చూసుకున్నారు.

అట్లాంటి ఒక సంవత్సరం ఒకాయన జెద్దా నుంచి తెచ్చుకున్న రీలు పట్టుకొచ్చారు. పిడి కదలదు. ఎర్ర సముద్రం నీళ్లు మామూలు సముద్రాల కంటే ఎక్కువ ఉప్పన. ఆ ఉప్పు లోపల గడ్డకట్టి ఉంది. నేను అప్పుడు కాలేజీ పిల్లవాణ్ణి, ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీలో పడి ఛందస్సుతో కుస్తీ పడుతున్నాను. దుకాణంలో స్టూలు మీద కూర్చుని చూశాను. మామూ అంతకుముందు రీలు ముట్టుకోలేదు. తెల్లని లుంగీ ముక్క పరిచారు. పక్క పళ్లెం పేచులు తీశారు. లోపలికి టార్చి కొట్టి ఒక నిమిషం చూసి నవ్వారు. "అరే, యే తో అప్నా హీ బచ్చా హై," అన్నారు.

ఆయన వేలు పెట్టి చూపించినది ఒక చిన్న ఇనుప నాలుక. పళ్ల చక్రం ఒకవైపే తిరగనిస్తుంది, వెనక్కి తిరగబోతే పంట్లో పడి ఆపుతుంది. గడియారానికి కీ ఇచ్చేటప్పుడు కమానీ వెనక్కి విడిపోకుండా ఆపే టకటక నాలుక ఏదో, ఇదీ అదే. మీక్ అన్నదమ్ముల పేరు మామూ ఎన్నడూ వినలేదు. పుర్జా చూసి ఖాందాన్ గుర్తుపట్టారు.

ఆ రోజు ఆయన చేసిందీ, తర్వాత నేను నా రీళ్లకు చేస్తున్నదీ కలిపి చెప్తాను. ఎవరింట్లోనైనా అటక మీద ఒక ఖలీజ్ రీలు ఉండే ఉంటుంది.

మొదటిది వరస. తీసిన పుర్జా తీసినట్టే ఎడమ నుంచి కుడికి గుడ్డ మీద పెట్టుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది, ప్రతి పుర్జాకూ ముందు ఒక ఫోటో తీస్తే ఇంకా మంచిది. పేచులు ఒకే పొడవు ఉండవు. నా మేనల్లుడు అట్టముక్క మీద రీలు ఆకారం గీసి, ఏ పేచు ఎక్కడిదో అక్కడ గుచ్చి పెడతాడు. కెంటకీ నంబర్లకు ఇది మన అట్టపెట్టె తర్జుమా. పేచ్‌కస్ మొన పేచు గాడిని నిండుగా పట్టాలి. వదులుగా ఉంటే తల చెడుతుంది, ఆ తర్వాత ఎవరూ తీయలేరు. కదలని పేచును బలవంతం చేయబోతే మామూ చెయ్యి పట్టుకునేవారు. "ఆహిస్తా, బేటా. జోర్ లగాయే తో గయా." ఒక చుక్క గాస్‌నూనె వేసి అసర్ నమాజ్‌కు వెళ్లొచ్చేవారు. వచ్చేసరికి అది వదిలేది.

లోహపు పుర్జాలు గాస్‌నూనెలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమాలి. ప్లాస్టిక్ వాటికి సబ్బు నీళ్లు చాలు, పెట్రోలు తగిలితే కొన్ని రకాలు పగులుతాయి. వంటింట్లో స్టౌ దగ్గర మాత్రం ఈ పని వద్దు. ఉప్పు గడ్డకట్టిన చోట ముందు గోరువెచ్చని మంచినీళ్లు. ఉప్పు నూనెలో కరగదు కదా. చాలామంది గాస్‌నూనెతో ఎంత తోమినా పోలేదని నా దగ్గరికి తెచ్చేది ఈ ఒక్క కారణంతోనే.

తర్వాత నూనె. ఇక్కడ గడియారం చదువు బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఘడీసాజ్ నూనెను సూది మొనతో వేస్తాడు, సీసాతో కాదు. పళ్ల చక్రాలకు గ్రీజు, అదీ పలచటి పూత. బేరింగులకు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరి నూనె వద్దే వద్దు. చలికాలం గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. కొత్త రీళ్లలో ఆ ఇనుప నాలుక బదులు ఒకవైపే తిరిగే సన్నని రోలర్ల బేరింగు ఉంటుంది. దానికి గ్రీజు తగిలితే జారిపోతుంది, చేప లాగినప్పుడు పిడి వెనక్కి తిరిగి వేళ్లకు కొడుతుంది. దాన్ని శుభ్రంగా తుడిచి, పలచని నూనె తడి చూపించి వదిలేయాలి.

పెద్ద చేప లాగినప్పుడు దారం కొంచెం కొంచెంగా వదలడానికి కొన్ని బిళ్లలు ఒకదాని మీద ఒకటి బిగించి ఉంటాయి. పాత రీళ్లలో అవి నమ్దా బిళ్లలు, కొత్త వాటిలో కార్బన్. తీసిన వరసలోనే, తీసిన వైపే పెట్టాలి. కార్బన్ బిళ్లలకు మామూలు గ్రీజు పూస్తే పట్టు పోతుంది. రీలు ఇంట్లో పెట్టేసేటప్పుడు ఈ బిగింపు వదులు చేయాలి. నెలల తరబడి నొక్కి ఉంచితే నమ్దా అణిగిపోయి మళ్లీ లేవదు. సముద్రం నుంచి వచ్చిన రోజు మాత్రం ముందు బిగించి, పైపైన మంచినీళ్లు చిలకరించి, తుడిచి, అప్పుడు వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. బకెట్లో ముంచితే పైనున్న ఉప్పును మనమే లోపలికి పంపినట్టు.

ఆ జెద్దా రీలు సాయంత్రానికి తిరిగింది. మామూ మజ్దూరీ ఎంత అడగాలో తెలియక గడియారం ధరే చెప్పారు. కబురు పాకింది. ఆయన దుకాణం మూసేదాకా నెలకు నాలుగైదు రీళ్లు వచ్చేవి. వాటితో ఇల్లు గడవలేదు. కానీ కంటి అద్దం మళ్లీ కంటికెక్కింది.

మరమ్మతు అనే మాట తెలుగులోకి మన ఉర్దూ నుంచి వచ్చింది. కళాయి కూడా అంతే. ఆ మాటల వెనకున్న చేతుల గురించి రాసినవాళ్లు తక్కువ. స్కూల్లో మేం చదివిన తారీఖ్‌లో బాద్షాలు, కిల్లాలు, జంగ్‌లు. గడియారాలు, గొడుగులు, తాళాలు, గిన్నెలు బాగుచేసి ఖస్బాల్లో బతికిన మన పెద్దల పేర్లు ఏ కితాబులోనూ లేవు. స్నైడర్‌కూ మీక్‌లకూ వాళ్ల ఊళ్లలో తారీఖ్ ఉంది. మామూ పేరు దుకాణం బోర్డు మీద ఉండేది, ఇప్పుడు ఆ బోర్డు కూడా లేదు. హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రం ఒప్పుకున్నప్పుడు మా ఆఫీసులో నేను ఆ వార్త రాశాను. రాస్తుంటే మామూ బల్ల మీది గాజు గిన్నెలు గుర్తొచ్చాయి. విప్పిన పుర్జాల మీద దుమ్ము పడకుండా వాటినే బోర్లించేవారు.

రీలు కూడా మారుతోంది. చవక రీళ్లలో పేచులు నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగుతాయి, రెండుమూడు సార్లు విప్పితే మర పోతుంది. పుర్జాల పటం ఉండదు, పుర్జా దొరకదు. ఖరీదైన వాటిలో కొన్ని మరీ వింత. నీళ్లు లోపలికి పోకుండా అయస్కాంతం పట్టి ఉంచే నూనె పొర ఒకటి ఉంటుంది. మనం విప్పితే ఆ పొర పోతుంది కాబట్టి కంపెనీకే పంపాలి. ఇంజనీరింగుగా చూస్తే మాషా అల్లాహ్, గొప్ప పని. కానీ కొన్నవాడికి లోపల ఏముందో చూసే వీలు లేని మొదటి రీళ్లు ఇవే అనిపిస్తుంది నాకు. 2022లో మన సర్కారు మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ పెట్టింది. సెల్‌ఫోన్లు, బండ్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ యంత్రాలు ఉన్నాయి. ఆ నాలుగింటిలో చేపల రీలు లేదు. ఎవరూ అడిగి ఉండరు.

విప్పగలిగిన రీలు ఉన్నవాళ్లకు ఒక మంచి ఖబర్ మాత్రం ఉంది. బేరింగులు చాలావరకు ప్రపంచమంతటా ఒకే కొలతలవి. పోయినదాన్ని తీసి లోపలి వెడల్పు, బయటి వెడల్పు, మందం మిల్లీమీటర్లలో కొలవండి. అడ్డంగా చుట్టే రీళ్లలో ఎక్కువగా 3, 10, 4 గానీ 5, 11, 4 గానీ ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల దుకాణాల్లో చేపల రీలుకని చెబితే వింతగా చూస్తారు. కొలతలు చెప్పండి, లేదా మొదటిదానికి 623, రెండోదానికి ఎం.ఆర్. 115 అనండి. స్టెయిన్‌లెస్ అడగడం మరిచిపోకండి, సముద్రానికి వాడేదైతే. పాతది జేబులో వేసుకుని వెళ్తే ఇంకా మంచిది.